పురిటిబిడ్డ పాలు మానేస్తే తెల్లారేదాకా ఆగకండి
నెలలోపు బిడ్డ రక్తంలో ఇన్‌ఫెక్షన్: గుర్తులు, ఉచిత వైద్యం, ఉచిత బండి

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గర్భిణులు, బాలింతలు, వారి ఇంటి పెద్దల కోసం)

బిడ్డ పుట్టి ఐదో రోజు అనుకుందాం. నిన్నటిదాకా బాగానే పాలు తాగిన బిడ్డ ఇవాళ పొద్దున్నుంచి రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు. ఏడుపు లేదు. ఒళ్లు కాలడం లేదు. "గుంటడు నిద్రమత్తులో ఉన్నాడు, ఏటీ కాదులే" అని ఒకరు అంటారు. దిష్టి తగిలిందని ఇంకొకరు అంటారు. అంతలో సాయంత్రం అవుతుంది. ఈ వేళప్పుడు బండి ఎక్కడ దొరుకుతుంది, ఆసుపత్రికి వెళ్తే ఎంత అవుతుంది అని లెక్కలు మొదలవుతాయి. చివరికి "రేపొద్దున్న చూద్దాం" అనుకుంటారు.

ఇంట్లో ఎవరికీ బిడ్డ మీద ప్రేమ తక్కువై కాదు. పెద్దవాళ్లకు జబ్బు చేస్తే జ్వరం వస్తుంది, మూలుగుతారు, మనకు తెలుస్తుంది. పురిటిబిడ్డకు జబ్బు చేస్తే చప్పుడు ఉండదు. బిడ్డ మెత్తబడిపోతాడు, అంతే. అందుకే ఈ జబ్బు గుర్తులు ముందే తెలిసి ఉండాలి. దీనికి ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, వెళ్లడానికి రావడానికి బండి అన్నీ ఉచితం అన్న సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. ఈ రెండూ తెలిస్తే "రేపొద్దున్న" అనుకునే అవసరం రాదు.

■ ఈ జబ్బు ఏమిటి?

బాక్టీరియా అనే కంటికి కనిపించని సూక్ష్మక్రిములు బిడ్డ రక్తంలోకి చేరి ఒళ్లంతా పాకడాన్ని డాక్టర్లు "సెప్సిస్" అంటారు. ఆసుపత్రి చీటీ మీద ఈ మాట కనిపిస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని అర్థం చేసుకోండి. అదే క్రిమి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా, మెదడు పొరల్లోకి వెళ్తే మెదడువాపు వస్తాయి.

పెద్దవాళ్ల ఒంట్లో క్రిములతో పోరాడే శక్తి ఉంటుంది. పుట్టిన బిడ్డకు ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. చర్మం పలచన, బొడ్డు పచ్చిపుండు. అందుకే పొద్దున బాగున్న బిడ్డ రాత్రికి ప్రమాదంలో పడవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

2022లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన నెలలోపే చనిపోయిన బిడ్డలు సుమారు 23 లక్షల మంది. మన దేశంలో 2020 లెక్కల ప్రకారం ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 20 మంది నెల దాటలేదు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, ఇన్‌ఫెక్షన్ ఈ మరణాలకు పెద్ద కారణాలు. వీటిలో ఇన్‌ఫెక్షన్‌ను ఇంటి దగ్గర జాగ్రత్తతో చాలావరకు రాకుండా ఆపవచ్చు. వచ్చినా త్వరగా వైద్యం చేయిస్తే నయం చేయవచ్చు.

■ ఎలా వస్తుంది?

రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది, తల్లి నుంచి. ఉమ్మనీరు పోయాక కాన్పు చాలా గంటలు ఆలస్యమైనా, కాన్పు వేళకు తల్లికి జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా బిడ్డకు క్రిములు చేరవచ్చు. ఇలాంటిది సాధారణంగా మొదటి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2016లో అచ్చయింది. అక్కడ నవజాత శిశు విభాగాల్లో చేరిన 13 వేల మందికి పైగా బిడ్డలను గమనిస్తే, సెప్సిస్ వచ్చినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అది 72 గంటల్లోపే బయటపడింది.

అందుకే మామూలు కాన్పు అయినా కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండమంటారు. "ఇవాళ మంచిరోజు, రేపు వర్జ్యం" అని తొందరపడి డిశ్చార్జి అడగకండి. ఉమ్మనీరు పోతే నొప్పులు రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది, చుట్టూ ఉన్నవాటి నుంచి. కడగని చేతులు, బొడ్డు మీద పెట్టిన పూతలు, పాలసీసా, మురికి గుడ్డ, దగ్గుతూ ఎత్తుకున్న చుట్టం. ఇలా వచ్చేది ఎక్కువగా మూడు రోజుల తర్వాత, అంటే మీరు ఇంటికి వచ్చాక కనిపిస్తుంది. అప్పుడు పక్కన నర్సమ్మ ఉండదు. గుర్తుపట్టాల్సింది మీరే.

■ ప్రమాద గుర్తులు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ప్రమాద గుర్తే. రెండోది కనిపించేదాకా ఆగవద్దు.

1. పాలు తాగడం మానేయడం, లేదా ముందుకన్నా బాగా తగ్గించడం. అన్నిటికన్నా ముందు కనిపించేది చాలాసార్లు ఇదే.
2. బిడ్డ మెత్తబడిపోవడం. లేపినా సరిగ్గా లేవకపోవడం, అరికాలు తట్టితేనే కదలడం, లేదా అసలు కదలకపోవడం.
3. ఒళ్లు వేడెక్కడం. చంకలో థర్మామీటరు పెడితే 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి ఉండడం.
4. ఒళ్లు చల్లబడడం. పొట్ట, పాదాలు రెండూ చల్లగా తగలడం, లేదా థర్మామీటరులో 95.9 డిగ్రీల కన్నా తక్కువ ఉండడం.
5. ఊపిరి వేగంగా తీసుకోవడం. నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ.
6. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి లాగడం, మూలగడం.
7. ఫిట్స్. చేయి, కాలు, కన్ను లేదా పెదవి ఒకేలా కొట్టుకోవడం.
8. బొడ్డు చుట్టూ ఎర్రబడడం, చీము కారడం, చెడు వాసన.
9. ఒంటి మీద పది లేదా అంతకు మించి చీము పొక్కులు, లేదా ఒక పెద్ద గడ్డ.
10. మాడు ఉబ్బడం.
11. అరచేతులు, అరికాళ్లు పచ్చబడడం.

నాలుగో గుర్తును మళ్లీ చదవండి. పెద్దవాళ్ల ఇన్‌ఫెక్షన్‌లో జ్వరం చూస్తాం. పురిటిబిడ్డకు ఒళ్లు చల్లబడడం కూడా జ్వరమంత ప్రమాదమే. "జ్వరం లేదు కదా" అని ధైర్యంగా ఉండకండి.

ఊపిరి లెక్కపెట్టడం ఇలా: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి జరపండి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు పైకి లేచిందో నిమిషం పాటు లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకండి, పురిటిబిడ్డల ఊపిరి ఒక్క తీరున ఉండదు. 60 దాటితే మరోసారి లెక్కపెట్టండి. రెండోసారి కూడా 60 దాటితే బయల్దేరండి.

■ గుర్తు కనిపించిన వెంటనే ఏం చేయాలి?

1. 108కి ఫోన్ చేయండి. రాత్రయినా, పగలైనా. "పుట్టి ఇన్ని రోజులైన బిడ్డ, పాలు తాగడం లేదు" అని చెప్పండి. ఊరి పేరు, మండలం, దగ్గరలోని గుడి లేదా బడి గుర్తు చెప్పండి.
2. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు ఏఎన్‌ఎం బిడ్డను చూసి, అవసరమైతే మొదటి డోసు యాంటీబయాటిక్ ఇచ్చి పంపే ఏర్పాటు ఉంది. కానీ ఆమె కోసం బండిని ఆపకండి.
3. బిడ్డను వెచ్చగా ఉంచండి. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసి, చొక్కా తీసి తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి, పైన దుప్పటి కప్పండి. వేడినీళ్ల సీసాలు, నిప్పుల కుంపటి దగ్గర పెట్టకండి. ఒళ్లు కాలుతుంది.
4. బిడ్డ తాగగలిగితే దారిలో కూడా తల్లిపాలు పట్టండి. మత్తుగా ఉన్న బిడ్డ నోట్లో పాలు గానీ, నీళ్లు గానీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
5. తల్లి తప్పకుండా బిడ్డతో వెళ్లాలి. తల్లిని ఇంట్లో ఉంచి బిడ్డను ఒక్కడినే పంపకండి.
6. తల్లీబిడ్డల కార్డు (ఎంసీపీ కార్డు), కాన్పు డిశ్చార్జి చీటీ, తల్లి ఆధార్, రేషన్ కార్డు ఒక సంచిలో పెట్టుకోండి. ఇవి దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకండి. వైద్యం మొదలుపెట్టడానికి కాగితాలు అడ్డం కావు.

చేయకూడనివి కూడా వినండి. పొట్ట మీద చురకలు పెట్టకండి. కాలిన పుండు క్రిములకు మరో దారి అవుతుంది. ఊళ్లో ఎవరి చేతనో సూది వేయించి రాత్రి గడపకండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ చుక్కలు కొని పట్టకండి. బిడ్డ బరువును బట్టి మందు లెక్క ఉంటుంది, కొంచెం తేడా వచ్చినా హాని. దిష్టి తీయాలనుకుంటే బండి వచ్చేలోపు తీయండి, బండిని మాత్రం ఆపకండి.

■ ఎక్కడికి వెళ్లాలి?

కాన్పులు చేసే ప్రతి ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డను చూసుకోవడానికి ఒక మూల ఏర్పాటు ఉంటుంది. పెద్దాసుపత్రుల్లో "ఎస్‌ఎన్‌సీయూ" అనే ప్రత్యేక నవజాత శిశు విభాగం ఉంటుంది. వెచ్చగా ఉంచే వార్మర్, ఆక్సిజన్, సెలైన్, రాత్రింబవళ్లు నర్సులు అక్కడ ఉంటారు. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (రిమ్స్), విజయనగరంలో ఘోషాసుపత్రి ఇలాంటివి. అక్కడ కుదరని కేసులను విశాఖపట్నం కేజీహెచ్‌కు పంపుతారు. మీకు దగ్గర ఏది, ఎక్కడ చోటు ఉంది అన్నది 108 సిబ్బంది చూసి తీసుకెళ్తారు.

కొండ మీది ఊళ్ల వారికి: సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు ఊళ్లు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. బండి రాని చోట డోలీ కట్టి దింపాల్సి వస్తోందని తెలుసు. అలాంటి ఊళ్ల గర్భిణులు నెలలు నిండే ముందే కిందికి వచ్చి ఉండేందుకు సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. కాన్పు తేదీకి ముందే మీ ఆశా, ఏఎన్‌ఎంతో మాట్లాడండి. కాన్పు అయ్యాక కూడా తొందరపడి కొండెక్కకండి. బిడ్డ పాలు బాగా తాగుతున్నాడని, ఒళ్లు వెచ్చగా ఉందని చూసుకుని వెళ్లండి.

■ జననీ శిశు సురక్ష: ఏవేవి ఉచితం?

"జననీ శిశు సురక్ష కార్యక్రమం" 2011 జూన్ 1న దేశమంతటా మొదలైంది. మొదట పుట్టిన 30 రోజుల వరకు జబ్బుపడ్డ బిడ్డలకు వర్తించేది. 2014లో దాన్ని ఏడాది వయసు వరకు పెంచారు. ప్రభుత్వాసుపత్రిలో బిడ్డకు ఉచితంగా అందాల్సినవి:

• ఓపీ, అడ్మిషన్, పడక: ఏ ఫీజూ లేదు
• మందులు, ఇంజెక్షన్లు, సెలైన్, సిరంజిలు
• రక్త పరీక్షలు, ఎక్స్‌రే వంటి పరీక్షలు
• అవసరమైతే రక్తం ఎక్కించడం
• ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, మళ్లీ ఇంటికి బండి

తల్లికి కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనం కూడా ఉచితమే.

అత్యవసరంగా వెళ్లడానికి 108. కాన్పు తర్వాత తల్లీబిడ్డలను ఇంటికి దింపడానికి 102, అదే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్. ఈ బళ్లలో డ్రైవరుకు మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

దీనికి దరఖాస్తు లేదు. ఆదాయ పరిమితి లేదు. ఎన్నో బిడ్డ అని అడగరు. ప్రభుత్వాసుపత్రి గడప ఎక్కితే చాలు.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (ఆరోగ్యశ్రీ) జాబితాలో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ చికిత్సలు కూడా ఉన్నాయి. అయితే ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రి అయి ఉండాలి. మీరు దారిలో ఉండగానే ఇంట్లో ఒకరు 104కి ఫోన్ చేసి ఏ ఆసుపత్రి అని కనుక్కోండి. లోపలికి వెళ్లాక ముందుగా "వైద్యమిత్ర" డెస్కు దగ్గర కార్డు చూపించండి. డబ్బు కట్టాక అడిగితే కష్టం.

■ ఆసుపత్రిలో ఏం చేస్తారు?

లోపల ఏం జరుగుతోందో తెలియక చాలామంది భయపడి మధ్యలో బిడ్డను తీసుకెళ్లిపోతారు. అందుకే ఇది కాస్త వివరంగా.

బిడ్డ రక్తం సుమారు ఒక మిల్లీలీటరు తీసి "బ్లడ్ కల్చర్"కు పంపుతారు. ఆ రక్తంలో ఏ క్రిమి పెరుగుతుందో, దానికి ఏ మందు పని చేస్తుందో చూస్తారు. జవాబు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా ఆగితే బిడ్డ దక్కడు కాబట్టి మొదటి గంటలోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. కల్చర్ వచ్చాక అవసరమైతే మందు మారుస్తారు. "మందులు మార్చారంటే మొదట తప్పు మందు ఇచ్చారు" అనుకోకండి. పద్ధతే అది.

మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ పాకిందేమో అన్న అనుమానం ఉంటే వెన్ను నుంచి కొన్ని చుక్కల నీరు తీస్తారు. దీనివల్ల కాళ్లు పడిపోతాయన్నది అపోహ. ఆ పరీక్ష చేయకపోతే ఎన్ని రోజులు మందు ఇవ్వాలో తెలియదు.

మందు ఎన్ని రోజులు? కల్చర్‌లో క్రిమి కనిపిస్తే సాధారణంగా 10 నుంచి 14 రోజులు. మెదడువాపు అయితే 21 రోజుల వరకు. క్రిమి కనిపించకపోతే అంతకన్నా తక్కువ. మూడో రోజుకే బిడ్డ పాలు తాగడం మొదలుపెడతాడు, కళ్లు తెరిచి చూస్తాడు. అప్పుడే ఇంటికి పోదామనిపిస్తుంది. కూలి పోతోంది, ఇంట్లో పెద్దపిల్ల ఒక్కతే ఉంది. కష్టం నిజమే. కానీ సగం చచ్చిన క్రిమి మళ్లీ లేస్తుంది, ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు. డాక్టర్ చెప్పేదాకా ఉండండి.

మందుకు లొంగని క్రిముల బెడద మన దేశంలో ఎక్కువే. పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనంలో ఎక్కువగా దొరికిన క్రిములు ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి. వాటిలో చాలావాటికి మామూలు యాంటీబయాటిక్స్ పని చేయలేదు. కల్చర్‌లో క్రిమి బయటపడిన బిడ్డల్లో సగానికి దగ్గరగా చనిపోయారు. అవి రాజధానిలోని పెద్దాసుపత్రులు, అక్కడికి చేరేవి బాగా ముదిరిన కేసులు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు. కానీ అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడడం, సగంలో మానేయడం రేపు మన బిడ్డకే మందు లేకుండా చేస్తాయి.

ఎస్‌ఎన్‌సీయూలోకి చుట్టాలందరినీ పంపరు. గర్వం వల్ల కాదు, క్రిములు లోపలికి పోకూడదని. తల్లిని మాత్రం పిలుస్తారు. చేతులు కడుక్కుని వెళ్లి పాలు పట్టండి, తాగలేకపోతే పిండి ఇవ్వండి. తక్కువ బరువు బిడ్డను రొమ్ముల మధ్య ఆనించి ఉంచే "కంగారూ" పద్ధతి నర్సమ్మ నేర్పిస్తుంది. తండ్రి కూడా అలా ఉంచుకోవచ్చు. బిడ్డను వెచ్చగా ఉంచడానికి, ఇన్‌ఫెక్షన్ తగ్గించడానికి అది మందుతో సమానం.

■ రాకుండా ఏం చేయాలి?

ఒకప్పుడు పురిట్లో ధనుర్వాతం ఎందరో బిడ్డలను తీసుకుపోయింది. తల్లికి టీకా, శుభ్రమైన కాన్పు, శుభ్రమైన బొడ్డుకోత. ఈ మూడింటితో 2015లో మన దేశం ఆ జబ్బును నిర్మూలించిన దేశాల్లో చేరింది. ఆ పని ఊరూరా ఆడవాళ్లే చేశారు. ఇదీ అలాగే చేయవచ్చు.

చేతులు: బిడ్డను ముట్టే ప్రతి ఒక్కరూ సబ్బుతో 40 సెకన్లు చేతులు కడగాలి. తల్లయినా, నాయనమ్మయినా, ఆశా అయినా, డాక్టరయినా. "చేతులు కడుక్కోండి అత్తా" అంటే మర్యాద తప్పడం కాదు. తలుపు దగ్గర బకెట్టు నీళ్లు, సబ్బు పెట్టేస్తే నోరు తెరిచి అడగక్కర్లేదు.

బొడ్డు: ఏమీ పూయకండి. పసుపు, బూడిద, ఆముదం, పౌడరు ఏదీ వద్దు. పొడిగా వదిలేస్తే దానంతట అదే రాలిపోతుంది. గుడ్డ బొడ్డుకి కిందుగా కట్టండి.

పాలు: పుట్టిన గంటలోపు రొమ్ము పట్టండి. పచ్చగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోయకండి. బిడ్డకు లేని రక్షణ శక్తి తల్లి నుంచి అందేది వాటిలోనే. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గ్రైప్‌వాటర్ ఏదీ వద్దు. పాలసీసా వద్దే వద్దు.

వెచ్చదనం: పుట్టిన రోజే స్నానం చేయించకండి. పొడిగుడ్డతో తుడిచి కప్పండి. తక్కువ బరువు బిడ్డకు స్నానం ఎప్పుడన్నది ఏఎన్‌ఎం చెప్పాకే. ముక్కులో, చెవిలో నూనె పోయకండి.

చుట్టాలు: పదకొండో రోజు పురుడు చేసుకోండి, సంతోషమే. కానీ బిడ్డను చేతులు మార్చి తిప్పకండి. జలుబు, దగ్గు, చర్మం మీద పుండ్లు ఉన్నవాళ్లు దూరం నుంచి చూసి దీవిస్తే చాలు.

■ ఆశా కార్యకర్త ఎన్నిసార్లు రావాలి?

ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు మీ ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. వచ్చినప్పుడు బిడ్డ బరువు, వేడి, ఊపిరి, బొడ్డు చూడాలి. ఈ పనికి ప్రభుత్వమే ఆమెకు ప్రోత్సాహకం ఇస్తుంది, మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు. పురిటికి పుట్టింటికి వెళ్తే అక్కడి ఆశాకు చేరిన రోజే చెప్పండి. అత్తారింటి ఊళ్లో పేరు ఉండి పుట్టింటి ఊళ్లో లేకపోతే ఎవరూ రాకుండా పోవచ్చు.

ఈ ఇంటి సందర్శనల వెనక ఒక అనుభవం ఉంది. తెలంగాణ సరిహద్దులోని మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1990లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. వారు ఇంటింటికీ వెళ్లి బిడ్డలను చూసి, సెప్సిస్ గుర్తుపట్టి మందు ఇచ్చారు. 39 ఊళ్లలో చేసిన ఈ పనిని, అది జరగని ఊళ్లతో పోల్చి చూశారు. మూడో ఏడాదికి నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఈ ఫలితం ప్రపంచానికి తెలిసింది. 2011లో దేశమంతటా ఆశాలు ఇంటికి వచ్చే ఏర్పాటుకు అదే దారి చూపింది. కాబట్టి ఆశా తలుపు తడితే "బిడ్డ పడుకున్నాడు, రేపు రా" అనకండి.

■ మీరు అడిగే ప్రశ్నలు

బిడ్డకు ఇంకా పేరు లేదు, ఆధార్ లేదు. చేర్చుకుంటారా?
చేర్చుకోవాలి. తల్లి పేరు మీదే చీటీ రాస్తారు.

కాన్పు ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఉచితమేనా?
ఉచితమే. బిడ్డ ఎక్కడ పుట్టాడన్నది అడ్డం కాదు.

మా ఆయన వలస పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడు, కాన్పు అక్కడే అయింది.
జననీ శిశు సురక్ష దేశంలోని అన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. వేరావల్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా, బరంపురంలో ఉన్నా అడగండి. తల్లీబిడ్డల కార్డు మీ వెంట ఉంచుకోండి.

మందు బయట కొనుక్కురమ్మంటే?
"జననీ శిశు సురక్ష కింద ఇవ్వాలి కదండీ" అని మర్యాదగా అడగండి. కాకపోతే సూపరింటెండెంట్‌ను కలవండి. అయితే బిడ్డకు అప్పుడే కావాల్సిన మందయితే ముందు తెచ్చి ఇవ్వండి. చీటీ, బిల్లు దాచి తర్వాత ఫిర్యాదు చేయండి.

తీసుకెళ్లాక ఏమీ లేదంటే నవ్వుతారేమో?
నవ్వరు. పదిమంది బిడ్డలను తీసుకొస్తే తొమ్మిదిమందికి ఏమీ లేదని తేలినా మంచిదే. ఆ పదో బిడ్డ కోసమే ఇదంతా.

■ ఆడపిల్ల అయినా అంతే

ఒక్క మాట సూటిగా చెప్పాలి. దేశం మొత్తం మీద ఎస్‌ఎన్‌సీయూల్లో చేరే బిడ్డల్లో ఆడపిల్లలు మగపిల్లల కన్నా బాగా తక్కువ. ఆ తేడా అంతా జబ్బులో ఉన్నది కాదు. ఇంటి నుంచి బయల్దేరాలా వద్దా అనుకునే దగ్గర కూడా ఉంది. బండి ఉచితం, మందు ఉచితం, పడక ఉచితం. మూడో ఆడపిల్ల అయినా సరే, పాలు మానేస్తే అదే గంటలో 108కి ఫోన్ చేయండి.

■ గోడకు అంటించుకోండి

పాలు మానేసినా, మెత్తబడినా, ఒళ్లు వేడెక్కినా, చల్లబడినా, ఊపిరి 60 దాటినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు చీము పట్టినా
→ అప్పుడే బయల్దేరాలి.

108: అత్యవసరానికి బండి
102: తల్లీబిడ్డలను ఇంటికి దింపే బండి
104: వైద్య సేవ, ఆరోగ్య సలహా
ఆశా ఫోన్ నంబరు: ....................
ఏఎన్‌ఎం ఫోన్ నంబరు: ....................

ఆ రెండు ఖాళీలు ఇవాళే నింపండి. మీ ఇంట్లో చదవడం రానివాళ్లు ఉంటే ఇది చదివి వినిపించండి, ముఖ్యంగా అత్తగారికి, అమ్మకి, బిడ్డ తండ్రికి. అర్ధరాత్రి బయల్దేరాలా వద్దా అని తేల్చేది బాలింత ఒక్కతే కాదు, ఆ నలుగురూ. మీ ఊరి గ్రూపులో ఎవరింట్లోనైనా పురిటి నెల ఉంటే వారికీ పంపండి.